మూరెడు మందం గోడల మధ్య వైఫై

వైఫై పెట్టడమంటే పెట్టెను గోడకు తగిలించి, పాస్‌వర్డు చెప్పి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి వచ్చేయడమే అనుకునే పిల్లల్ని చూస్తే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే కోపం వస్తుంది. ఈ పని అంత చప్పిడిది కాదర్రా! మనం ఇళ్ళ లోపలికి వెళ్ళి చేసే పని ఇది. ఒక్కో ఇంటి గోడ ఒక్కో రకం, ఒక్కో ఇంటి మనిషి ఒక్కో రకం. నాకు తెలిసి ఇంతకన్నా సరదా ఉద్యోగం ఇంకోటి లేదు. రిటైరయ్యాక కూడా ఎవరింటికైనా వెళ్తే నా కళ్ళు ముందు ఆ పెట్టె ఎక్కడ పెట్టారా అని వెతుకుతాయి. తప్పు చోట పెట్టి ఉంటే ఆ ఇంట్లో నాకు భోజనం సహించదు. మా ఆయన భయపడి నన్ను పెళ్ళిళ్ళకు కూడా తీసుకెళ్ళడం తగ్గించారు.

నా పేరు కె. ఆండాళ్. పుట్టింది పుదుచ్చేరిలో, ముదలియార్‌పేటలో. మా నాన్న మిల్లులో పనిచేసేవాడు. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు నాకు పెళ్ళయ్యాక నెల్లూరు వైపు నుంచి వచ్చిన మా అత్తగారు దిద్దించారు. అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరాను. తర్వాత ఆపరేటర్లతో పని లేకుండా పోయింది. బయటి పని నేర్చుకుంటావా, ఇంకో ఊరికి వెళ్తావా అని అడిగారు. బయటి పనే అన్నాను. మా సెక్షన్లో నిచ్చెన ఎక్కిన ఆడమనిషిని నేనొక్కదాన్నే.

ప్రమోషన్లు, మెమోలు, బదిలీలు ఇందులో రాయను. అవి అందరివీ ఒకేలా ఉంటాయి. నేను చేసిన రెండు తప్పులు రాస్తాను. మొదటిది యంత్రం దగ్గర చేసింది, రెండోది మనిషి దగ్గర చేసింది. మొదటి దానికి నవ్వుకుంటాను. రెండో దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

సంచి దించే ముందు

నాకు పని నేర్పింది వెంకటపతి సార్. గొప్ప గురువు, అంత గొప్ప మనిషి మాత్రం కాదు. మనం తప్పు చేస్తే దాన్ని టీ కొట్టు దాకా మోసుకెళ్ళి అందరికీ పంచేవాడు. కానీ ఆయన దగ్గర నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

మొదటిసారి వైట్ టౌన్‌లో, అంటే ఒకప్పటి ఫ్రెంచివాళ్ళ పేటలో, ఒక పాత ఇంటికి వెళ్ళాం. నేను ఉత్సాహంగా సంచి కింద పెట్టి స్క్రూడ్రైవరు తీశాను. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏందమ్మా ఆండాళూ, అప్పుడే సంచి దించేసినావే! ఇల్లంతా ఒకసారి తిరిగొచ్చినావా?"

"యాడ పెట్టాలో ఇంటాయన చెప్పినాడు సార్."

"ఆయనకు తెలిస్తే మనల్ని యాడికి పిలుస్తాడు? లే. ఫోను చేతిలో పట్టుకుని నడువు."

నడిచాను. వీధి గదిలో ఫోనులో గీతలు నిండుగా ఉన్నాయి. ఒక గుమ్మం దాటితే రెండు. ఇంకో గుమ్మం దాటితే ఏమీ లేవు. సముద్రం వైపు వీధుల్లోని ఆ పాత ఇళ్ళ గోడలు మూరెడు మందం, సున్నమూ ఇటుకా కలిపి కట్టినవి. ఎండాకాలం చల్లగా ఉంటాయి, తుఫానుకు చెక్కుచెదరవు, వైఫైని మాత్రం అటువైపుకు పోనివ్వవు. ఇంటివాళ్ళేమో నెట్ మంచిది కాదని కంపెనీలు మారుస్తూ ఉంటారు.

దానికి మందు అసలు పెట్టెను మార్చడం కాదు. అది వీధిలోంచి లైను వచ్చిన చోటే ఉంటుంది. దాన్నుంచి ఒక తీగ లాగి, మనుషులు కూర్చునే చోట ఇంకో చిన్న పెట్టె పెడతాం. దాన్నే యాక్సెస్ పాయింట్ అంటారు. మొదటి పెట్టె దగ్గర ఉన్న నెట్‌ను తీగలోంచి తీసుకుని, అక్కడ కొత్తగా గాలిలోకి వదలడం దాని పని. గోడను దాటే కష్టం తీగ పడుతుంది. వైఫై అంటే తీగ లేకపోవడం అనుకుంటారు అందరూ. మంచి వైఫై ఉన్న ఇంట్లో వెతికి చూడండి, ఎక్కడో ఒక మంచి తీగ ఉంటుంది.

ఇక ఆ పెట్టెలను దాచే మనుషులు! బీరువా వెనక పెడతారు. నిలువుటద్దం వెనక పెడతారు. కుట్టుపూల గుడ్డ కప్పుతారు. ఒక గెస్ట్‌హౌస్ మేనేజరు అందంగా లేదని దాన్ని ఉరుళిలో, అంటే వెడల్పాటి పెద్ద ఇత్తడి పాత్రలో పెట్టి పైన పూలు పోశాడు. వచ్చిన అతిథులందరూ నెట్ లేదని తిట్టి పోయేవాళ్ళు. నేను పూలు తీసి, పెట్టెను ఎత్తి అలమారా నెత్తిన పెట్టాను. అంతే! మూడు గదుల్లోంచి మూడు ఫోన్లు ఒకేసారి టింగుటింగుమన్నాయి. ఆ మేనేజరు నన్ను మంత్రగత్తెను చూసినట్టు చూశాడు. ఆ చూపు కోసమే నేను పొద్దున్నే లేచి పనికి పోయేదాన్ని.

ఇద్దరు నంబర్లిచ్చారు

మొదటి తప్పు సోలై నగర్‌లో చేశాను. అది ఊరికి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న జాలర్ల పేట. అన్నదమ్ములు కలిసి ఉండే ఇల్లు. కొత్త యాక్సెస్ పాయింట్ ఎందుకు, మా దగ్గర పాత రౌటర్ ఒకటి ఉంది, దాన్నే వాడమన్నారు. వాడొచ్చు. పాత రౌటర్‌ను కూడా రెండో పెట్టెగా మార్చుకోవచ్చు. కాకపోతే ఒక పని మరవకూడదు.

ఇంట్లోకి వచ్చిన ప్రతి ఫోనుకూ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది. పెద్ద ఆసుపత్రిలో టోకెన్ ఇచ్చినట్టు. ఇంటికి ఒకరే టోకెన్లు ఇవ్వాలి. పాత రౌటర్‌ను రెండో పెట్టెగా పెట్టినప్పుడు, దాని లోపలికి వెళ్ళి ఆ టోకెన్లిచ్చే పని ఆపేయాలి. దాని సొంత నంబరు మొదటి పెట్టె నంబరుతో కలవకుండా మార్చాలి. నేను తీగ లాగాను, పేరు పెట్టాను, పాస్‌వర్డు పెట్టాను. టోకెన్లు ఆపడం మరిచిపోయాను.

ఆ సాయంత్రం బాగానే ఉంది. మర్నాడు రెండు పెట్టెలూ టోకెన్లివ్వడం మొదలుపెట్టాయి. ఒక ఫోను పనిచేస్తే పక్క ఫోను పనిచేయదు. దాన్ని ఆపి మళ్ళీ వేస్తే ఇది పోతుంది. నేను వెళ్ళి చూసి, గట్టిగా, బోలెడు ధీమాతో, తప్పు బయట స్తంభం మీద ఉందని చెప్పాను. ఇద్దరు లైన్‌మెన్లు మిట్టమధ్యాహ్నం ఎండలో స్తంభాలెక్కి దిగారు. ఆ ఇంటి పెద్దావిడ తమిళంలో నాతో అన్న మాటను తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: "నువ్వు రాకముందు ఒక్క గదిలోనే రాలేదమ్మా. నువ్వొచ్చి బాగు చేసినాక ఇంట్లో ఎవరికీ రావడం లేదు."

సరిగ్గా అప్పుడు నాకు వెలిగింది! పరుగెత్తి పాత రౌటర్ తీగ పీకాను. అందరి ఫోన్లూ లేచి కూర్చున్నాయి. బయటికెళ్ళి స్తంభం మీదున్న ఆయనకు, దిగండన్నా, తప్పు నాదే అని చెప్పాను. వెంకటపతి సార్ దాన్ని వారం రోజులు టీ కొట్టులో చెప్పుకున్నాడు. చెప్పుకోనీ. మీరు మాత్రం బయట వెతికే ముందు మీ చేత్తో చేసినదాన్ని వెతకండి.

ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో! చెప్పీ చెప్పీ, నేనే మళ్ళీ అదే తప్పు చేశాను. ఈసారి స్తంభం మీద కాదు, ఒక పెద్దావిడ మీద నెట్టాను.

వసంత ఇల్లు

వసంత మా ముదలియార్‌పేట పిల్లే. మా వీధి చివర వాళ్ళ పుట్టిల్లు. పెళ్ళై వైట్ టౌన్‌లో పాత ఇంటి కింది భాగంలో అద్దెకుంటోంది. భర్తకు కారైకాల్‌లో ఉద్యోగం, వారానికోసారి వస్తాడు. మిగతా రోజులు ఆ ఇంట్లో వసంత, అత్తగారు రాజమ్మ, ఇద్దరే. వసంత ఒక చిన్న బడిలో ఫ్రెంచి చెప్పేది. ఆ బడి మూతపడింది. రెండేళ్ళు ఇంకో ఉద్యోగం దొరకలేదు.

చివరికి ఫ్రాన్సులోని ఒక కంపెనీ పిలిచింది. ఏం ఉద్యోగమనుకున్నారు! అక్కడి ఆసుపత్రుల్లో మన వైపు నుంచి వెళ్ళిన ముసలివాళ్ళు ఉంటారు. డాక్టరు ఫ్రెంచిలో అడుగుతాడు, వీళ్ళకు తమిళమే సరిగ్గా వస్తుంది. వసంత ఇక్కడ తన గదిలో కూర్చుని వీడియోలో ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పాలి. వింటుంటేనే నాకు ఒళ్ళు పులకరించింది. కానీ వాళ్ళ నియమం గట్టిది. మాట మధ్యలో తెగితే మందు ఒకటి పోయి ఇంకోటి అవుతుంది కాబట్టి, లైను తెగకూడదు. నలభై నిమిషాల పరీక్ష పెట్టారు. పన్నెండో నిమిషంలో లైను తెగింది. ఇంకొక్క అవకాశం ఇస్తాం, అదే చివరిది అన్నారు. అప్పుడు వసంత నాకు ఫోను చేసింది.

"ఆండాళక్కా, నా ఫ్రెంచి తప్పని పంపించేసుంటే ఏడ్చి ఊరుకుంటా. ఈ గోడ వల్ల పోతే ఎట్టక్కా?"

వెళ్ళి, సంచి దించకుండా ఇల్లంతా తిరిగాను. వీధి గదిలో రౌటర్. దాని తర్వాత పైకప్పు లేని ముత్తం, ఆకాశం కనపడుతుంది. ముత్తం అవతల కూటం, అంటే నడిమిల్లు. కూటం గోడలో పూజ గూడు. కూటం వెనక వసంత గది. మధ్యలో మూడు గోడలు, మూడూ మూరెడువే. వీధి గదిలో కూర్చుని మాట్లాడదామంటే ఎదురుగా బైకులు అద్దెకిచ్చే కొట్టు, పొద్దస్తమానం హారన్లు. గోడకు మేకు కొట్టకూడదని ఇంటి ఓనర్ల షరతు. అందుకని తీగను నేల అంచున పరిచాను. ముత్తం చుట్టూ తిప్పి, కూటంలో పూజ గూడు పక్కనుంచి పోనిచ్చి, గడప మూలలోంచి వసంత గదిలోకి దూర్చాను. బల్ల మీద యాక్సెస్ పాయింట్ పెట్టాను. రెండు పెట్టెలకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు. టోకెన్లిచ్చేది మొదటిదే! ఈసారి రెండుసార్లు చూసుకున్నాను.

గంటసేపు వీడియో పెట్టి చూశాం. ఒక్కసారి కూడా తెగలేదు. నేను ఆ కూటంలో చిన్నపిల్లలా గెంతాను.

రాజమ్మ గారు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. డెబ్బై దాటిన మనిషి, చదువుకోలేదు. ఒకప్పుడు చాలా ఏళ్ళు కుట్టుమిషను మీద ఇల్లు నడిపారు.

"ఏందో అమ్మే, దినామూ ఆ గదిలో కూర్చుని ఎవురితోనో మాట్లాడేదంట. దాన్నే ఉద్యోగం అంటారంట," అన్నారు.

నేను నవ్వాను. మనసులో మాత్రం, ఈవిడకు కోడలి ఉద్యోగం గిట్టలేదు అని రాసేసుకున్నాను. ఇంకోసారి అడిగి చూడలేదు.

పెట్టె లేదు

చివరి పరీక్ష ఆయుధ పూజ రోజున పడింది. మనకు సెలవు, వాళ్ళకు కాదు. వాళ్ళ పొద్దున పది, మన మధ్యాహ్నం ఒకటిన్నర.

ఆ రోజు పన్నెండున్నరకు ఫోను.

"అక్కా, నెట్ లేదు. నెట్ యాడిది, బల్ల మీద పెట్టెనే లేదక్కా! తీగ ఒకటే పడుండాది!"

"మీ అత్తను అడిగినావా?"

"సుండల్ గుగ్గిళ్ళు పంచేదానికి పక్క వీధికి పోయుండాది. ఫోను ఇంట్లోనే పెట్టేసి పోయింది."

సంచి తగిలించుకుని స్కూటరెక్కాను. ఆ రోజు మా ఊళ్ళో బండి నడపడం ఎంత కష్టమో చెప్పలేను. ప్రతి బండికీ అరటి మొక్కలు, మావిడాకులు. ప్రతి మలుపులో పగలగొట్టిన బూడిద గుమ్మడికాయలు. వంకర్లు తిరుగుతూ పోయి, ఒంటి గంటకు పది నిమిషాలుండగా చేరాను. ఎదురు కొట్టులో అద్దె బైకులన్నిటికీ పూజ. డప్పులు, హారన్లు, నా మాట నాకే వినపడలేదు.

అప్పుడే రాజమ్మ గారు ఖాళీ గిన్నెతో మెట్లెక్కుతున్నారు. నేను ఆగలేకపోయాను.

"ఏందత్తా ఇది? కోడలి ఉద్యోగం ఇష్టం లేకపోతే నోరు తెరిచి చెప్పండి. పరీక్ష పూట పెట్టె దాచేదేంది?"

ఆవిడ నా మొహంలోకి చూశారు. కోపం రాలేదు ఆవిడకు. అర్థం కాలేదంతే.

"దాచేదేంది అమ్మే? ఆడనే ఉండాది గదా, పూజలో."

కూటంలోకి పరుగెత్తాం. గూడులో సరస్వతి పటం. దాని ముందు ఆవిడ కుట్టుమిషను, కత్తెర, కత్తిపీట, ఇస్త్రీ పెట్టె, వసంత ఫ్రెంచి పుస్తకాలు. అన్నిటి మీదా మల్లెలు, బంతిపూలు. పూలు కొంచెం జరిపితే కనపడింది, మా తెల్ల పెట్టె, దాని పక్కనే చుట్టలు చుట్టి పెట్టిన కరెంటు అడాప్టరు. పొద్దున వసంత వంటింట్లో వడపిండి రుబ్బుతుంటే ఆవిడ తీసుకొచ్చి పెట్టారు. హారతికి వసంత కూడా వచ్చి దండం పెట్టుకుంది. పూల కింద ఏముందో ఎవరు చూస్తారు?

"ఇంటికి కూడు పెట్టబోయే పనిముట్టు గదా," అన్నారు రాజమ్మ గారు. "నా మిషను పెట్టి, బిడ్డ పెట్టెను యాడ వదిలేది? తడి గుడ్డ తగిలించలేదు, భయపడొద్దు. పొడి గుడ్డతోనే తుడిచినా. బొట్టు కూడా ఆ వెలుగొచ్చే చిల్లుల మీద పెట్టలేదు, చూడు."

చూశాను. చందనం, కుంకుమ, సరిగ్గా మూత మధ్యలో ఉన్నాయి. దీపాల చిల్లులూ, తీగ గుచ్చే చోటూ శుభ్రంగా ఉన్నాయి. కంపెనీ పంపిన మనుషులు కూడా ఆ పెట్టెను అంత జాగ్రత్తగా పట్టుకోవడం నేను చూడలేదు. ఇందాక నేనన్న మాట తలుచుకుంటే నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

ఎనిమిది తీగలు

ఒంటి గంట. పూజలో పెట్టినదాన్ని మర్నాడు మళ్ళీ పూజ చేసేదాకా కదపకూడదు. అది మా వైపు ప్రతి ఇంటి పద్ధతి. కొట్లన్నీ మూసేశారు, ఇంకో పెట్టె దొరకదు. వసంత లాప్‌టాప్ పల్చటిది, తీగ నేరుగా గుచ్చడానికి దానికి చోటే లేదు. ఫోను నెట్ ఆ గోడల్లో ఒక్క గీత. వీధి గదిలో డప్పులు.

రాజమ్మ గారికి అంతా తెలిసింది. చేతిలో గిన్నె కింద పెట్టి గూడు దగ్గరికి వెళ్ళారు.

"నేనే తీసేస్తా. దోషమైతే నాకే తగలనీ. పిల్ల పరీక్ష పోకూడదు."

పెట్టె మీద చెయ్యి వేసే ముందు లెంపలు వేసుకున్నారు. అది చూశాక నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. పక్కనే, గూడు కిందుగానే, నేను పరిచిన తీగ పోతోంది కదా! పెట్టెను తీగ దగ్గరికి ఎందుకు తేవాలి?

"తీయొద్దత్తా! అది ఆడనే ఉండనీ. తీగనే దాని దగ్గరికి తెస్తా."

వసంత సందేహంగా అడిగింది. "పూజలో ఉండేదాంతో పని చెయ్యొచ్చునా అత్తా?"

"రోగం మాట డాక్టరుకు చెప్పే పని గదా," అన్నారు రాజమ్మ గారు. "ఆ సరస్వతమ్మ ముందరే చెప్పు. విననీ."

తీగను గూడు పక్కన కోసేశాను. ఇంక దాని కొసకు కొత్త ప్లగ్గు వెయ్యాలి. సంచిలో మూడున్నాయి. ఒకదాని రేకులు ఉప్పుగాలికి పచ్చబారి పోయాయి. మిగిలినవి రెండు. లోపల ఎనిమిది సన్న తీగలు, ఎనిమిది రంగులు, వరస తప్పకూడదు. వేల సార్లు వేసిన చెయ్యి ఇది. గుచ్చాను, నొక్కాను, టెస్టరు పెట్టాను. ఒకటి వెలిగింది. రెండు వెలిగింది. మూడు వెలగాల్సిన చోట ఆరు వెలిగింది. తొందరలో రెండు పచ్చ తీగలను తారుమారు చేశాను. ప్లగ్గు పాడైపోయింది.

ఇంకొక్కటే ఉంది. ఒంటిగంటా పది. మసక వెలుతురు, చెమటకు కళ్ళద్దాలు జారుతున్నాయి.

"అక్కా, నేను రంగులు చెప్తా. నువ్వు గుచ్చు," అంది వసంత. ఫోను లైటు పట్టుకుని పక్కన కూర్చుంది. "ఆరెంజి గీత. ఆరెంజి. పచ్చ గీత. నీలం. నీలం గీత. పచ్చ. గోధుమ గీత. గోధుమ." గొంతులో వణుకు లేదు. పరీక్ష తనది, ధైర్యం నాకు చెప్తోంది! నొక్కాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిదీ వరసగా వెలిగాయి. ఎవరో ఇల్లదిరేలా అరిచారు, ఆ అరుపు నాదేనని తర్వాత వసంత చెప్పింది.

పూలు కదలకుండా, కుంకుమ చెరగకుండా, పెట్టె వెనక తీగ గుచ్చాను. గూడుకు చుట్టిన సీరియల్ లైట్ల ప్లగ్గు తీసి అక్కడ అడాప్టరు పెట్టాను. ఒంటిగంటా ఇరవై. వసంత గదిలోకి నడిచి చూశాను. తలుపు మూస్తే గీతలు తగ్గుతున్నాయి. తెరిస్తే నిండుగా ఉన్నాయి. తలుపు బార్లా తెరిచి, బల్లను గుమ్మానికి ఎదురుగా జరిపాం.

"అత్తా, ఇందాక నోరు జారినాను," అన్నాను రాజమ్మ గారితో.

"సరి సరి, ముందు పని చూడు. నేనేం చెయ్యాలో చెప్పు."

నిజానికి ఆవిడ చేయాల్సిందేమీ లేదు. ఉత్తినే ఉండమంటే ఉండలేరని, పెట్టె మీద వెలిగే చిన్న పచ్చ దీపం చూపించాను. "ఇది చూస్తా ఉండండి. ఎర్రబడినా, ఆరినా నాకు చెయ్యెత్తండి."

"కొండెక్కకుండా చూసుకోవాల, అంతే గదా," అని చీర కుచ్చిళ్ళు సర్దుకుని గూడు ముందు కూర్చున్నారు.

నలభై నిమిషాలు

ఒకటిన్నరకు పరీక్ష మొదలైంది. నేను ముత్తం అంచున, వీధి తలుపుకూ కూటానికీ మధ్య కాపలా నిలబడ్డాను. పక్కింటివాళ్ళు వడలు తెస్తే గుమ్మంలోనే అందుకుని, నోటి మీద వేలు పెట్టి పంపేశాను. లోపల్నుంచి ఫ్రెంచి గొంతు ఒకటి గబగబా ఏదో అడుగుతోంది. వెంటనే వసంత తమిళంలో, ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడినంత నెమ్మదిగా, నొప్పి ఎప్పట్నుంచి, మెట్లెక్కితే ఎక్కువవుతుందా అని అడుగుతోంది. మళ్ళీ ఫ్రెంచి. నాకు ఒక్క ముక్క తెలియదు. తెగుతుందా తెగదా అన్నదే నా చెవులకు తెలిసిన భాష.

పన్నెండో నిమిషం వచ్చింది. నా గడియారం చూసుకుంటూ ఊపిరి బిగపట్టాను. పదమూడు. పద్నాలుగు. నాకు గట్టిగా ఈల వెయ్యాలనిపించింది.

డప్పుల మోత ఒకసారి బాగా దగ్గరికొచ్చింది. వీధి తలుపుకు నా వీపు ఆనించి నిలబడ్డాను. గూడులోంచి ఒక బంతిపువ్వు రాలి రాజమ్మ గారి ఒళ్ళో పడింది. ఆవిడ తీయలేదు. చెమట కణత మీదుగా జారుతోంది. తుడుచుకోలేదు. పటం ముందు నూనె దీపం ఒకటి వెలుగుతోంది, దాన్ని కూడా చూడలేదు. ఆవిడ కళ్ళు ఆ చిన్న పచ్చ చుక్క మీదే ఉన్నాయి.

రెండూ పదికి ఫ్రెంచి మాటలు ఆగిపోయాయి. కుర్చీ జరిగిన చప్పుడైంది. వసంత గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నా వైపు చూసి చెప్పింది.

"ఒక్కసారి కూడా తెగలేదక్కా. సోమవారం నుంచే చేరమన్నారు."

నేను రెండు చేతులూ పైకెత్తేశాను. వీధిలో డప్పులకు తగ్గట్టు ఆడమంటే ఆడేదాన్నే! కానీ రాజమ్మ గారు మా వైపు తిరగలేదు. మెడ కూడా కదపకుండా, పెట్టెనే చూస్తూ, లోగొంతుతో అడిగారు.

"ఆండాళూ, అయిపోయిందా? ఇంక కన్ను తిప్పుకోవచ్చునా?"

పైకెత్తిన చేతులు దించేశాను. వసంతే వెళ్ళి, ఆవిడకూ ఆ పెట్టెకూ మధ్యన, ఆవిడ మోకాళ్ళకు ఆనుకుని కూర్చుంది.

"తిప్పుకోవచ్చత్తా," అంది.